ఫ్లెక్సీ ముందు పాడిన మనిషి

పెళ్ళి ఫొటోలు ఎవడైనా తీస్తాడు. ఈ మాటకు మా వృత్తివాళ్ళకు కోపం వస్తుంది, రానివ్వండి. పెళ్ళికొడుకు పీటల మీంచి పారిపోడు. పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చుంటుంది. లైటు పట్టుకున్నవాడు ఎటు రమ్మంటే అటు వస్తాడు. పాట పాడేవాళ్ళ ఫొటో తీసి చూడండి, అప్పుడు తెలుస్తుంది మన బండారం. వెలుతురు ఉండదు, ఉన్నా నిమిషానికో రంగు మారుతుంది. పాడేవాడు ఒకచోట నిలవడు. నోటికి అడ్డంగా మైకు. వాడి ధ్యాసంతా పాట మీద, మన మీద కాదు. అలాగే ఉండాలి కూడా.

నేను మిర్యాలగూడలో పని నేర్చుకుని, సూర్యాపేటలో ముప్ఫై ఏళ్ళకు పైగా స్టూడియో నడిపాను. పెళ్ళిళ్ళతోనే ఇల్లు గడిచింది గానీ, నాకు ఇష్టమైన పని వేరే ఉండేది. వినాయక చవితి ఆర్కెస్ట్రాలు, బరాత్‌లో బ్యాండు మేళాలు, భజనలు, చర్చిల్లో పాటల కూటాలు. ఎక్కడ నలుగురు వాయించి ఒకరు పాడుతుంటే అక్కడికి పిలవకపోయినా పోయేవాణ్ణి. మోకాళ్ళు మొరాయించాక మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన శాలువాల గురించి రాయను, అవి బీరువాలో ఉన్నాయి. నాకు తెలిసిన పని రాస్తాను, నేను చేసిన ఒక తప్పు రాస్తాను. పని సగం పేజీలో అయిపోతుంది. తప్పుకే చోటు ఎక్కువ కావాలి.

లతీఫ్ భాయ్ అడుగులు

నాకు పని నేర్పింది మిర్యాలగూడలో లతీఫ్ భాయ్. అప్పుడు ఫిల్ము కెమెరాలు. రింగు చేత్తో తిప్పితేనే ఫోకస్. ప్రోగ్రాం సాయంత్రం అయితే ఆయన మధ్యాహ్నమే పోయి ఖాళీ స్టేజీ మీద మైకు స్టాండు దగ్గర నిలబడేవాడు. అక్కణ్ణించి తను కూర్చోబోయే చోటుదాకా అడుగులు వేసుకుంటూ వచ్చేవాడు. ఏడు అడుగులంటే లెన్సు మీద రింగు ఎక్కడుండాలో ఆయన వేళ్ళకు తెలుసు. చీకట్లో కూడా తెలుసు.

ఇంకో అలవాటు ఉండేది. మొదటి పాటకు కెమెరా ఎత్తేవాడు కాదు. ఒళ్ళో పెట్టుకుని వినేవాడు. ఫొటోలు తీయకుండా కూర్చున్నాడేమిటని పిలిచినవాళ్ళు గొణుక్కునేవాళ్ళు. పాడేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, ఏ మాట దగ్గర మైకుకు దూరం జరుగుతాడు, పల్లవికి ఎటు ఒరుగుతాడు, ఇవన్నీ ఆయన ఆ ఒక్క పాటలో పట్టేసేవాడు. రెండో పాట నుంచి ఆయన నొక్కిన ప్రతి ఫొటో పనికొచ్చేది.

తర్వాత నేను సూర్యాపేటలో సొంతంగా పెట్టుకున్నాను. ఆటోఫోకస్ కెమెరా కొన్న రోజునే బస్సెక్కి మిర్యాలగూడ పోయాను, ఆయనకు చూపించాలని. చూపించాలని అంటే, నిజం చెప్పాలంటే, ఉడికించాలని.

"భాయ్, ఇగ నీ అడుగులు ఖతం. బటన్ నొక్కితే సాలు, అదే సూసుకుంటది."

ఆయన కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు. గోడ మీద క్యాలెండర్ వైపు పెట్టి నొక్కాడు, పట్టింది. పక్కన తెల్ల సున్నం గోడ వైపు పెట్టి నొక్కాడు. లెన్సు ముందుకూ వెనక్కూ గిరగిరా తిరిగింది గానీ పట్టలేదు.

"అరే సైదులూ, దీనికి మనిషి ఎరుక లేదురా. నల్లగున్నదాని పక్కన తెల్లగ ఉంటే గాడికి ఉరుకుతది. పాడెటోడెవడు, పక్కన కూసున్నోడెవడు, గది దీనికేం తెలుస్తది? నువ్వే జెప్పాలె."

ముసలాయనకు కుళ్ళు అనుకున్నాను. చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను. ఆటోఫోకస్ ఎలా పనిచేస్తుందో ఆ తర్వాత ఎంతోమంది దగ్గర విన్నాను, ఎన్నో చూశాను. ఆయన గోడ ముందు నిలబడి చెప్పినదానికంటే ఎవరూ ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

పని

ఇక పని. కెమెరాకు కావలసింది అంచు. వెలుగూ చీకటీ కలిసే గీత కావాలి దానికి. మసక వెలుతురులో చెంప మీద గీత ఉండదు, అందుకే చెంప మీద ఫోకస్ పెడితే లెన్సు పిచ్చిదానిలా తిరుగుతుంది. జుట్టు మొదలయ్యేచోట, కనుబొమ్మ మీద, కళ్ళజోడు ఫ్రేము మీద, చెవి కమ్మ మీద పెట్టండి. అవేవీ లేకపోతే కాలరు మీద పెట్టండి. కెమెరా తెరలో ఫోకస్ పట్టే చిన్న గడులను పాయింట్లంటారు, అవి ఎన్నో ఉన్నాయి కదా అని అన్నిటినీ ఒకేసారి వాడకండి. ఒకే ఒక్క చిన్న పాయింటు ఎంచుకోండి, దాన్ని మీరే జరపండి.

ఫోకస్ ఒక బటన్‌కు, ఫొటో ఇంకో బటన్‌కు పెట్టుకోండి. రెండూ ఒకే వేలికి అప్పగిస్తే సరిగ్గా నొక్కే క్షణానికి అది మళ్ళీ వెతుకులాట మొదలుపెడుతుంది. ఒట్టి నీలం లైటు, ఒట్టి ఎర్ర లైటు పడినప్పుడు తొందరపడకండి, తెల్లది వచ్చేదాకా ఆగండి. స్టేజీ మీద పొగ వదిలితే చేతులు కట్టుకుని కూర్చోండి. లైట్లు వేసే మనిషితో ముందే స్నేహం చేసుకోండి. పాడేవాళ్ళ మొహం మీద ఒక్క తెల్ల లైటు ఉంచమని బతిమాలండి, సిగ్గుపడకండి.

మైకు సంగతి మరవొద్దు. అది ముఖం కంటే ముందుంటుంది, మెరుస్తుంది, కెమెరాకు అది బెల్లంముక్క. లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే స్పష్టంగా వచ్చేది నాలుగు వేళ్ళ మందం. మైకు జాలీ మీద పడితే కళ్ళు పోయినట్టే.

నేరేడుచర్లలో ఒక బరాత్‌లో నాకిది బాగా తెలిసొచ్చింది. బ్యాండు మాస్టరు తన మేళానికి కొత్త బోర్డు రాయించుకుంటూ, దాని మీదికి అందరూ వాయిస్తున్న ఫొటో కావాలన్నాడు. తీసి పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆయన ఫొటో దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని చూశాడు.

"సైదులన్నా, బాకాలు మస్తుగ పడ్డయి. మనుషులేరే?"

నిజమే. ఇత్తడి బాకాల మూతులు తళతళలాడుతున్నాయి, వాటి వెనక ఊదేవాళ్ళ ముఖాలు మసక. మళ్ళీ పోయాను. ఈసారి కోటు కాలరు మీది జరీ అంచు మీద పాయింటు పెట్టాను. ముఖమూ కాలరూ ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి మనుషులు వచ్చారు. మాస్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. అక్కడ తప్పు దిద్దుకోవడానికి నాకు ఇంకో బరాత్ దొరికింది. ప్రతిసారీ దొరకదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో చెబుతున్నాను. మొదటి రెండు ఫొటోలు తీయగానే ఆగి, వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి కళ్ళు చూడండి. చిన్నగా చూస్తే ప్రతి ఫొటో బాగానే ఉంటుంది. నేను చూడలేదు.

కోదాడ

మార్తమ్మ కోదాడలో అంగన్‌వాడీ టీచరు. భర్త ప్రకాశం షేర్ ఆటో నడుపుతాడు. వాళ్ళు వెళ్ళే చిన్న చర్చికి నేను ఏటా డిసెంబరులో సెమీ క్రిస్మస్ ఫొటోలకు పోయేవాణ్ణి. ఇక్కడి చర్చిల్లో క్రిస్మస్‌కు ముందే ఒక సాయంత్రం అందరూ కలిసి చేసుకునే పండుగ అది. ఆ చర్చిలో చివరి పాట ఎప్పుడూ మార్తమ్మదే. లైట్లన్నీ ఆర్పేసి, అందరూ కొవ్వొత్తులు పట్టుకుని నిలబడితే, వాళ్ళమ్మ కట్టిన పాట పాడేది. ఏ పుస్తకంలోనూ లేని పాట. నేను గుడికి పోయేవాణ్ణే, అయినా ఆ పాట కోసం ఎదురుచూసేవాణ్ణి. మూడో చరణంలో ఆమె గొంతు పైకి పోతుంటే కెమెరా దించేసి వినేవాణ్ణి. అందుకే ఎన్నేళ్ళు పోయినా ఆమె పాడుతున్న మంచి ఫొటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

ఆ ఏడాది నేను పోగానే ఎదురొచ్చింది. మెడ చుట్టూ కొంగు కప్పుకుని ఉంది.

"అన్నా, ఈసారి పాడేటప్పుడు నాకొక్క ఫొటో తీయాలి. నిలబెట్టి నవ్వమని తీసేది కాదు. పాడుతుంటే తీయాలి."

"గంతేనా చెల్లె? గదేం పెద్ద పని."

పక్కనే ఉన్న ప్రకాశం చెప్పాడు. "గొంతు దగ్గర గడ్డ లేచిందన్నా. హైదరాబాద్‌లో ఆపరేషన్. సోమవారం పోతున్నాం. గొంతు ఉంటదో పోతదో చెప్పలేమంటున్నారు డాక్టర్లు."

ఆమే మళ్ళీ అందుకుంది.

"పాట అందరి ఫోన్లలో ఉందన్నా. దానికి బాధ లేదు. కానీ వెనకనుంచి తీస్తారు, నా మొహం ఆవగింజంత కనపడుతుంది. పాడేటప్పుడు నేనెట్లా ఉంటానో నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూసుకోవాలని ఉంది."

ఆ నెలలోనే నేను కొత్త కెమెరా కొన్నాను. మనిషి కన్ను ఎక్కడుందో అదే కనిపెట్టి, దాన్నే పట్టుకుని ఉండే రకం. ఎవరు కనబడితే వాళ్ళకు చూపిస్తూ తిరుగుతున్నాను. మార్తమ్మకూ చూపించాను. "ఇది నీ కన్ను ఇడిసిపెట్టదు చెల్లె, నువ్వు నిమ్మళంగ పాడు" అన్నాను.

స్టేజీ వెనక గోడ పొడుగునా ఫ్లెక్సీ. మన దగ్గర ఫ్లెక్సీ లేకుండా ఏ సభా జరగదు, గుడైనా చర్చైనా అంతే. పాస్టరు గారు, ఆయన భార్య, సంఘ పెద్దలు, అతిథులు, ఇరవై ముఖాల దాకా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దగా ఫ్లెక్సీ కట్టించిన పెద్దమనిషి, బుర్రమీసాలతో, కళ్ళు ఇంతింత చేసుకుని. చివరి పాటకు లైట్లన్నీ ఆర్పారు గానీ ఆ ఫ్లెక్సీ మీది రెండు లైట్లు మాత్రం ఆర్పలేదు. ఆర్పితే ఆయన నొచ్చుకుంటాడట. నేను చూశాను. పోనీలే, వెనక వెలుతురు ఉంటే మంచిదేగా అనుకున్నాను.

మార్తమ్మ పాడింది. ఆ రోజు ఎలా పాడిందో నేను రాయలేను. చర్చిలో సగం మంది ఏడుస్తున్నారు. నేను మాత్రం ఈసారి కెమెరా దించలేదు. చిన్న తెరలో ఆమె తల పక్కన ఆకుపచ్చ గడి వెలుగుతూనే ఉంది, పట్టేశాను పట్టేశాను అని చెబుతున్నట్టు. పాట అయ్యేదాకా నొక్కుతూనే ఉన్నాను. అరవైకి పైగా వచ్చాయి. ఒక్కటి కూడా పెద్దది చేసి చూడలేదు.

మార్తమ్మ కళ్ళు మూసుకుని పాడుతుంది. ఇన్నేళ్ళు విన్నవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. కెమెరాకు తెరిచిన కన్ను కావాలి, ఆమె దగ్గర లేదు. ఆమె భుజం వెనక వెలుగులో ఇరవై జతల కళ్ళున్నాయి.

తెల్లారి స్టూడియోలో కంప్యూటర్ మీద తెరిచాను. మొదటి ఫొటోలో పెద్దమనిషి బుర్రమీసాలు వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ముందు మార్తమ్మ, కొవ్వొత్తి వెలుతురులో, తడిసిన అద్దంలోంచి చూసినట్టు. రెండోది అంతే. పదోది అంతే. అరవై అంతే.

అది గురువారం. వాళ్ళు పోయేది సోమవారం. చేతిలో నాలుగు రోజులున్నాయి. సూర్యాపేట నుంచి కోదాడ బస్సులో ఎంతసేపు? పోయి, చెల్లె, తప్పయింది, ఇంకొక్కసారి పాడు అంటే అయిపోయేది. కొవ్వొత్తి వెలిగించి వాళ్ళ ఇంట్లోనే పాడేది.

శుక్రవారం ఆమే ఫోన్ చేసింది. "ఫొటో వచ్చిందా అన్నా?"

"మస్తుగొచ్చింది చెల్లె. నువ్వు బేఫికర్‌గ పోయి రా. వచ్చేటాల్లకు ఫ్రేము కట్టి ఉంచుత."

అంతమందికి గొప్పలు చెప్పుకున్న కెమెరా. ఇన్నేళ్ళ పేరు. నిజం చెప్పడానికి నోరు ఒప్పుకోలేదు.

తల మార్చడం

మా పనిలో ఒక అలవాటు ఉంది, బయటివాళ్ళకు తెలియదు. గ్రూపు ఫొటోలో ఎవరైనా కళ్ళు మూస్తే ఇంకో ఫొటోలోంచి వాళ్ళ తల తెచ్చి అతికిస్తాం. పెళ్ళి ఆల్బంలో ఎన్ని తలలు మార్చానో నాకే గుర్తులేదు. ఎవరూ కనిపెట్టరు, కనిపెట్టినా సంతోషిస్తారు.

అదే చేశాను. అదే సాయంత్రం భోజనాల దగ్గర తీసిన మార్తమ్మ ఫొటో ఒకటి ఉంది, ఎవరితోనో మాట్లాడుతూ నోరు తెరిచింది. ఆ ముఖం తెచ్చి పాడుతున్న మనిషికి పెట్టాను. రంగు కలిపాను, కొవ్వొత్తి వెలుగు పూశాను. మూడు రోజులు కూర్చుని చేశాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేయలేదు, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఆమె హైదరాబాద్ నుంచి వచ్చిన నెలకు ఫ్రేము పట్టుకుని కోదాడ పోయాను. మెడ మీద కట్టు ఉంది. గొంతు లేదు. ఊపిరి తప్ప శబ్దం రావడం లేదు. అంగన్‌వాడీ పిల్లల పలక ఒకటి ఒళ్ళో పెట్టుకుని, ఏం చెప్పాలన్నా దాని మీద రాస్తోంది.

ఫ్రేము చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది. ప్రకాశం వెనక నిలబడి, "బాగా వచ్చిందే, ఎంత బాగుందో చూడు" అంటున్నాడు. ఆమె తిరిగి వచ్చి కూర్చుని పలక మీద రాసి నా వైపు తిప్పింది.

"ఈ కళ్ళు ఎవరివి?"

"నీయే చెల్లె. మధ్యల ఒకసారి తెరిచినవ్."

ఆమె చెరిపి మళ్ళీ రాసింది. "నేను తెరవను." నా మొహంలోకే చూస్తోంది.

అక్కడ ఇంకో అబద్ధం ఆడే ధైర్యం నాకు లేకపోయింది. ఫ్లెక్సీ సంగతి, తల మార్చిన సంగతి, అంతా చెప్పేశాను. ప్రకాశం లేచి బయటికి పోయాడు. ఆమె మాత్రం కదలకుండా విన్నది. తర్వాత రాసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"తెల్లారే."

ఆ తర్వాత రాసింది మాత్రం ఆమె నాకు చూపించలేదు. పలక ఒళ్ళోనే ఉంచుకుంది. నేనే వంగి చదివాను.

"అప్పుడే చెప్తే మళ్ళీ పాడేదాన్ని గదా."

ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, ఎదుటి ఇంటివాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను. ఆమె ఏడవలేదు. పలక తుడిచి, ఫ్రేము నా చేతికి తిరిగిచ్చి, అసలు ఫొటో తెచ్చిపెట్టమని రాసింది. మసకగా ఉంది చెల్లె, ఏమీ కనబడదు అన్నాను. తెమ్మని వేలితో పలక మీద కొట్టింది. వారంలో ప్రింటు తీయించి ఇచ్చి వచ్చాను. ఆ రోజు ప్రకాశం నన్ను లోపలికి రమ్మనలేదు.

తర్వాతి డిసెంబరు

పిలుస్తారనుకోలేదు, పిలిచారు. మార్తమ్మ పాటను అందరూ కలిసి పాడుతున్నారు, ఆమె వాళ్ళ మధ్యలో నిలబడింది. మధ్యాహ్నమే పోయి అడుగులు కొలుచుకున్నాను. ఫ్లెక్సీ మీది లైట్లు ఆర్పమని పాస్టరు గారిని అడిగాను, ఆయన ఆర్పించారు. కన్ను వెతికే ఏర్పాటు ఆపేసి ఒక్క పాయింటు పెట్టుకున్నాను. మొదటి రెండు చరణాలు కెమెరా ఒళ్ళోనే ఉంది.

మూడో చరణానికి ఆమె కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. గొంతు పైకి తీయాల్సిన చోట మెడ నరాలు బిగిశాయి, గడ్డం లేచింది, అన్నీ జరిగాయి. శబ్దం ఒక్కటే లేదు. కనుబొమ్మ మీద పాయింటు పెట్టి నాలుగే నాలుగు తీశాను. ఆగి పెద్దది చేసి చూశాను. రెప్ప వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. నా జీవితంలో అంత సూటిగా పడిన ఫోకస్ ఇంకోటి లేదు.

పెద్ద ప్రింటు వేయించి ఇంటికి తీసుకెళ్ళాను. అప్పటికి ఆమెకు గాలి మాట వస్తోంది, దగ్గరికి వంగితే వినపడుతుంది. ఫొటో చేతిలోకి తీసుకుంది. తనను తాను మొదటిసారి చూసుకుంటున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఆమెకు నచ్చింది. ఫొటోలో తన గడ్డం గీత వెంట వేలు పోనిచ్చింది. తర్వాత జాగ్రత్తగా కవర్లో పెట్టి నాకు ఇచ్చేసింది.

"ఇది నువ్వుంచుకో అన్నా" అంది. "ఇందులో పాట లేదు."

గోడ మీద కిందటేటి ఫొటో ఉంది. మసక మనిషి, వెనక బుర్రమీసాలు. దానికి అద్దం కట్టించుకున్నారు.

"కోపం పోలేదా చెల్లె?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపింది.

"పోలేదన్నా. కూర్చో, టీ పెడతా."